కెప్టెన్ పదవి పోయిన పిల్ల

సంపాదకులకు నమస్కారం.

మేగన్ అబాట్ నవల 'డేర్ మీ' అమెరికా పిల్లల పొగరు కథ అనీ, మన ఆడపిల్లలకు సంబంధం లేనిదనీ మీ ఆదివారం సమీక్షకులు తేల్చేశారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పి రిటైరైనదాన్ని, ఆ మాట ఒప్పుకోలేను.

2012లో వచ్చిన ఈ నవలలో బెత్ చీర్‌లీడింగ్ జట్టు కెప్టెన్. అంటే ఆటల పోటీల్లో విన్యాసాలు చేస్తూ ప్రేక్షకులను హుషారెక్కించే జట్టు. ఆమెకు కుడిభుజంలాంటి స్నేహితురాలు ఆడీ. కథ చెప్పేది ఆ పిల్లే. కొత్తగా వచ్చిన కోచ్ కొలెట్ ఫ్రెంచ్ అసలు జట్టుకి కెప్టెనే అక్కర్లేదంటుంది. ఆడీ కోచ్ వైపు మొగ్గుతుంది. బెత్ అది తట్టుకోలేదు. తర్వాత జరిగే తుపాకి చావు గురించే మీవారు ఎక్కువ రాశారు. నన్ను భయపెట్టింది అంతకు ముందున్న పేజీలు. ఒకరి మీద ఒకరు నిలబడి కట్టే పిరమిడ్ ఎక్కడానికి తేలిగ్గా ఉండాలని తిండి మానేసే పిల్లలు, కోచ్ ఇంట్లో చేరి ఆవిడ రహస్యాలు మోసే పిల్ల.

మన సినిమాల్లో ఇద్దరాడపిల్లలకు పడకపోతే మధ్యలో బావ ఉండాల్సిందే. స్కూలు గ్రౌండులో అలా ఉండదు. మా జట్టులో ఒకసారి కెప్టెన్సీ తొమ్మిదో తరగతి పిల్లకు మారింది. పాత కెప్టెన్ ఏడవలేదు, ఆ పిల్లతో మాట్లాడనూ లేదు. డివిజన్ పోటీల్లో కొత్త కెప్టెన్‌కి మడమ బెణికితే మాత్రం తనే నేల మీద కూర్చుని క్రేప్ బ్యాండేజ్ చుట్టింది. ఎంత బిగించిందంటే ఆ పిల్ల కాలి వేళ్లు నీలంగా మారాయి. నేను విప్పి మళ్లీ కట్టబోతే, "నేనే కడతాను మేడమ్, తనకి నేనే కట్టాలి" అని నా చెయ్యి పట్టుకుంది. అందులో ప్రేమ ఎంతో, కక్ష ఎంతో ఇప్పటికీ చెప్పలేను.

అబాట్ ఆ రెంటినీ విడదీయకుండా రాసింది. అందుకే బెత్ ఎంత క్రూరంగా ప్రవర్తించినా ఆ పిల్లను అసహ్యించుకోలేకపోయాను. నాకు కోపం వచ్చింది కొలెట్ మీద. కూతకు వెళ్లి తిరిగొచ్చిన పిల్ల స్కోరు కన్నా ముందు మన మొహం చూస్తుంది. ఆ చూపు విలువ ఏ కోచ్‌కైనా తెలుసు. తెలిసే కొలెట్ దాన్ని తన ఒంటరితనానికి వాడుకుంది.

తాగుడు, బూతులు ఉన్నాయి, నిజమే. ఎనిమిదో తరగతి పిల్లకు ఈ పుస్తకం ఇవ్వను. కానీ పీఈటీలు, హాస్టల్ వార్డెన్లు, తల్లులు తప్పకుండా చదవాలి. దీని మీద ఇంకో సమీక్ష వేయండి. ఈసారి ఆడపిల్లల జట్టును నడిపిన వాళ్లెవరితోనైనా రాయించండి.

— విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు, తెనాలి