ఒకే మెట్టు మీద అంతసేపు

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అమ్మ, నాయనమ్మ, నేను క్షేమం. శనివారం రాత్రి నీ పియానో కచేరీ అయ్యాక నీ చుట్టూ చేరినవాళ్ళ మధ్య నీతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేకపోయాను. ఫోనులో చెప్పుదామంటే నాకు మాట కుదరదని నీకు తెలుసు. భీమవరంలో రైలు దిగి, నరసాపురం రేవులో పంటు ఎక్కి, సఖినేటిపల్లి ఒడ్డు చేరేదాకా ఈ ఉత్తరంలో ఏమి రాయాలో లోపల అనుకుంటూనే వచ్చాను.

హాలులో నాకు కుడివైపు చోటు దొరికింది. చేతులు కనబడాలంటే ఎడమవైపు కూర్చోవాలని పక్కనున్న పెద్దమనిషి తరువాత చెప్పాడు. నాకు మాత్రం అదే మంచిదయింది. ముప్పయ్యేళ్ళు పద్యనాటకాలకు హార్మోనియం వాయించినవాడిని. నటుడి నోరు చూసి, రాగం తీస్తున్నప్పుడు అతని ఊపిరి ఎక్కడ తెగబోతున్నదో ముందే పసిగట్టి స్వరం అందించడం నా పని. ఆ అలవాటు కొద్దీ నీ ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఒక్క మనిషి, ఒక్క వాద్యం, గంటన్నరసేపు! 1840లో లండనులో హంగేరీ పియానో విద్వాంసుడు లిస్ట్ తన కచేరీలకు రిసైటల్ అన్న పేరు వాడినప్పుడు అదేమిటో అక్కడివాళ్ళకే వింతగా తోచిందట. మన నాటకాల్లో పదిమంది నటులు మారితే గాని తెల్లవారదు.

జర్మన్ స్వరకర్త షూమన్ ముక్కల గురించి ఎక్కువ రాయను. 1838లో పెద్దవాడై తన చిన్నతనాన్ని తలుచుకుంటూ కట్టిన పదమూడు చిన్న ముక్కలవి. వాటిలో అందరికీ తెలిసిన ఏడోదాన్ని నీవు మరీ సాగదీశావు. వన్స్ మోర్ కోసం పద్యం చివర రాగాన్ని లాగే నటుడు గుర్తుకొచ్చాడు నాకు. మిగిలిన పన్నెండూ ముద్దుగా ఉన్నాయి.

నా మనసు నిలిచిపోయింది ఆ తరువాత నీవు పక్కపక్కన పెట్టిన రెండింటి దగ్గర. షోపాన్ అనే స్వరకర్త పదిహేనో ప్రెలూడ్, అంటే చిన్న పియానో ముక్క, ముగియగానే చప్పట్లకు వ్యవధి ఇవ్వకుండా హంగేరీ స్వరకర్త లిగెటి ముక్కల వరుస అందుకున్నావు. ఒకటి 1839లో అచ్చయినది, మరొకటి 1951లో మొదలైనది. ఈ రెండింటినీ ఎందుకు కలిపిందా అని వెనుక వరుసలో ఎవరో గొణిగారు. షోపాన్ ముక్కకు వానచినుకు అన్న పేరుంది; ఆయన పెట్టిన పేరు కాదట గాని, ఒకే స్వరం అదేపనిగా పడుతుంటుంది కనుక అతికింది. హార్మోనియం మెట్లకు అంకెలు పెట్టి చెప్పే నా లెక్కలో అది ఒకటిన్నర శ్రుతి, అంటే 'స' అనే ఆధార షడ్జమం ఒకటిన్నర మెట్టు మీద. చినుకు పడుతున్నది ఐదున్నర మెట్టు మీద, అంటే 'ప' అనే పంచమం మీద. మొదట ఎడమచేతిలో ఉన్న ఆ పంచమం నడిమి భాగంలో కుడిచేతికి ఎక్కింది. మెట్టు అదే, షడ్జమమూ అదే; అంతర గాంధారం పోయి దానికి ఒక మెట్టు కిందిదైన సాధారణ గాంధారం వచ్చింది, అంతే, హాలంతా మబ్బు కమ్మినట్టయింది. చివరలో చినుకు కాసేపు ఆగి రాగం ఒంటరిగా దిగివచ్చే చోట నీ పెదవులు బిగుసుకున్నాయి. అక్కడ తొందరపడతావేమోనని భయపడ్డాను. పడలేదు.

లిగెటి మొదలైనప్పుడు, నిజం చెబుతున్నాను, చిన్నబోయాను. ఆరు మెట్టు ఒక్కటే. మంద్రస్థాయిలో, మధ్యస్థాయిలో, తారస్థాయిలో, ఎటు చూసినా ఆ స్వరమే. దానికోసమా ఇంత చదువు అనిపించింది. రెండు నిమిషాలకు ఆ స్వరమే ఆధార షడ్జమమని చెవి తీర్మానించుకుని స్థిరపడింది. అప్పుడు చిట్టచివర రెండు మెట్టు ఒక్కటి పలికింది. ఒక్కసారిగా నేను ఇంతసేపూ షడ్జమం అనుకున్నది పంచమమైపోయింది, ఆ వచ్చినది షడ్జమం! షడ్జమాన్ని మార్చి అవే స్వరాలను మరో రాగంగా వినిపించే మన గ్రహభేదానికి ఇది దగ్గరి చుట్టం. షోపాన్ పంచమం వెనుకనే ఈ పంచమాన్ని నీవు కావాలనే తెచ్చిపెట్టావని అప్పటికి గాని నాకు తట్టలేదు. తరువాతి ముక్కలో మూడు స్వరాలు, ఆపైదానిలో నాలుగు, అలా ఒక్కొక్కటే పెరిగి పదకొండోదానిలో పన్నెండూ రావడం వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ విన్నాను. ఒక్క తప్పు మాత్రం చెప్పక తప్పదు. మొదటి ముక్క చివరి షడ్జమాన్ని నీవు త్వరగా వదిలావు. అంతసేపు ఆకలితో కూర్చోబెట్టి, ముద్ద నోటికందగానే విస్తరి లాగినట్టయింది. స్వరాన్ని నిలిపే పెడల్ మీద కాలు ఇంకొంచెం ఉంచు.

నీ పదేళ్ళప్పుడు నేనన్న మాట నీవు మరిచిపోయి ఉండవు. స్వరాన్ని ఊపి, జార్చి పలికించే గమకం రాని వాద్యం నీకెందుకు, వీణ నేర్చుకోరాదా అన్నాను. సరిగ్గా ఆ మాట అనే కదా 1940లో ఆకాశవాణివారు హార్మోనియాన్ని వెలివేశారు. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. మా గురువుగారు ఆ సంగతి ఎత్తితే చాలు, కండువా దులిపి లేచిపోయేవారు. అటువంటి ఇంటి శిష్యుడినై ఉండి నేను నీకు అదే పాట పాడాను. శనివారం ఎస్టోనియా స్వరకర్త ఆర్వో పెర్ట్ ముక్క వింటున్నప్పుడు ఆ మాట గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాను. 1976 నాటి ఆ రెండు పుటల ముక్కలో దాచుకోవడానికేమీ లేదు. నా వాద్యంలో తిత్తి ఆడినంతసేపూ స్వరం నిలుస్తుంది; నీ వాద్యంలో సుత్తి తీగను తాకిన మరుక్షణం నుంచే స్వరం తరిగిపోతుంటుంది. అడుగున ఏడు మెట్టు మంద్రంలో మోగించి, అది కరుగుతుండగా పైన ఒక్కొక్క స్వరం దించుతూ, ప్రతిదాన్నీ వినవలసినంతసేపు విన్నావు. వేలు తొందరపడని చోట గమకం లేని లోటు నాకు తెలియలేదు.

కచేరీ ఫోనులో పట్టుకొచ్చి నిన్న అమ్మకు వినిపించాను. వసారాలో చింతపండు గింజలు తీస్తూ విన్నది. లిగెటి దగ్గరకు రాగానే "ఏమిటండీ, అమ్మాయి ఒకే మెట్టు మీద పడింది, పియానో చెడిందా?" అని అడిగింది. చెబితే తెలిసేది కాదని హార్మోనియం దింపి, ఆరు మెట్టునే మూడు స్థాయిలలోనూ వాయిస్తూ కూర్చున్నాను. కొంతసేపటికి "శ్రుతి చూసుకుంటున్నారా?" అన్నది. మాట్లాడకుండా ఇంకాస్త వాయించి, రెండు మెట్టు నొక్కి పట్టాను. అమ్మ చేయి చింతపండులోనే ఆగింది. "ఆ, ఇప్పుడు కూర్చుంది" అన్నది. నీవు త్వరగా వదిలావని నేనన్నది ఇందుకే. ఆ మాట అనడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది.

సంక్రాంతికి తప్పక రా. పూతరేకులు ఎవరైనా వస్తే పంపుతాను. పార్సిలులో వేస్తే పొడి అవుతున్నాయి. వర్షాలకు హార్మోనియంలో మధ్యస్థాయి ఆరు మెట్టు రీడు, అంటే పలికే రేకు, చిలుము పట్టి జీర పోతున్నదని నిన్నటి వాయింపులో బయటపడింది. ఈ ఉదయం విప్పి, తుడిచి, కొస దగ్గర కొద్దిగా గీకి శ్రుతి పైకి తెచ్చాను. ఫోనులో నీ పియానో పక్కన పెట్టి చూస్తే ఇంకా వెంట్రుకవాసి తక్కువగానే ఉన్నది. ఇక గీకితే రీడు పలచబడి విరుగుతుందేమోనని అలాగే ఉంచాను, నీవు వచ్చాక నీ చెవితో విని చెబుదువుగాని.

ఇట్లు,
నాన్న