మూడో తరగతి హాజరు పట్టీలో ఆగిపోయిన పేరు: హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర హోంమంత్రి శ్రీమతి వంగలపూడి అనిత గారికి,

నమస్కారం.

రాజకీయాల్లోకి రాకముందు మీరు ప్రభుత్వ స్కూల్లో టీచర్‌గా పని చేశారు. అందుకే ఈ ఉత్తరం మీకు రాయాలనిపించింది. పొద్దున్నే హాజరు పిలిచేటప్పుడు ఒక పేరుకి జవాబు రాకపోతే తలెత్తి చూస్తాం కదా, అది మీకు తెలియంది కాదు. "జ్వరమొచ్చింది టీచర్", "అమ్మమ్మ వాళ్ల ఊరెళ్లాడు టీచర్" అని పక్కనున్న పిల్లలు చెప్తారు. మనం ఒక గుర్తు పెట్టి తర్వాతి పేరుకి వెళ్లిపోతాం. 2017 జూన్‌లో నేను ఒక పేరు పిలిస్తే క్లాసులో ఏ పిల్లా ఏమీ చెప్పలేదు. అందరికీ తెలుసు. ఆ బాబు నెల రోజుల క్రితం, మే సెలవుల్లో, కిరాణా కొట్టుకి వెళ్లి మళ్లీ ఇంటికి రాలేదు.

అప్పటికి వాడికి ఏడేళ్లు. రెండో తరగతి పాసై మూడులోకి వచ్చాడు. పేరు నేనే కొత్త రిజిస్టర్లో ఎక్కించాను. చాలా రోజులు బడికి రాని పిల్లల పేర్లు తీసేయమని పైనుంచి అడుగుతారని మీకూ తెలుసు. ఆ ఏడాదంతా నేను తీయలేదు. ఏప్రిల్ వరకూ రోజూ పిలిచాను. పిల్లలు కూడా ఒక్కసారైనా "ఎందుకు పిలుస్తారు సార్" అనలేదు. వాడితో రెండో తరగతి చదివిన పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాశారు. ఫలితాలు వచ్చిన రోజు వాళ్లమ్మ మా ఇంటికి వచ్చింది. ఎవరెవరికి ఎన్ని మార్కులొచ్చాయో అడిగి తెలుసుకుంది. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "మాస్టారూ, ఆడిప్పుడు ఎంత పొడుగయ్యుంటాడంటారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

బాబు పేరు, ఊరి పేరు, స్టేషన్ పేరు ఇక్కడ రాయడం లేదు. అవన్నీ మీ ఆఫీసుకి విడిగా పంపిన అర్జీలో ఉన్నాయి. దీనికి రెండు కారణాలున్నాయి. ఇప్పుడు ఆ స్టేషన్లో పని చేస్తున్నవాళ్లలో ఒక్కరు కూడా 2017లో అక్కడ లేరు, వాళ్లని నలుగురిలో నిలబెట్టడం ఆ తల్లికి ఇష్టం లేదు. ఇంకో కారణం, మొదట్లో పోస్టర్ మీద ఫోన్ నంబర్ చూసి కొందరు ఆమెకి ఫోన్ చేశారు. "మీవాడు మా దగ్గరే ఉన్నాడు, ఇరవై వేలు పంపండి" అన్నారు. ఆమె పంపింది, ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి చెవి కమ్మలు అమ్మి పంపింది. అబద్ధమని తెలియదా అని అడిగితే, "నిజమైతేనో?" అంది.

ఆ రోజు జరిగింది క్లుప్తంగా చెప్తాను. పదిన్నరకి బాబు కొట్టుకి వెళ్లాడు. పదకొండింటికి వెతకడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం రెండింటికి తల్లిదండ్రులు స్టేషన్‌కి వెళితే "చుట్టాలింటికి పోయుంటాడు, రేపటిదాకా చూడండి" అన్నారు. కేసు కట్టింది మర్నాడు సాయంత్రం. పోలీసు కుక్క వచ్చేసరికి రోడ్డు మీద వాన పడి ఆరిపోయింది కూడా. కొట్టు నడిపే ఆమె ఒక బైకు చూశానంది, రంగు చెప్పగలిగింది, నంబర్ చెప్పలేకపోయింది. మా ఊళ్లో అప్పటికి ఒక్క సీసీ కెమెరా లేదు.

మేడమ్, ఆ ఒకటిన్నర రోజు పోకూడనిది. దానికి నాలుగేళ్ల ముందే, 2013 మే 10న, బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే పిల్లల హక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పిల్లలు కనిపించడం లేదని ఫిర్యాదు వస్తే వెంటనే ఎఫ్ఐఆర్ కట్టాలి, అపహరణో అక్రమ రవాణానో జరిగిందనే అనుకుని దర్యాప్తు మొదలుపెట్టాలి. ఆ తీర్పు వెనక ఢిల్లీ పక్కన నోయిడాలోని నిఠారీ ఉదంతం ఉందని నేను అనుకుంటాను. అక్కడ పిల్లలు ఒక్కొక్కరే మాయమవుతుంటే పేద తల్లిదండ్రులు స్టేషన్ చుట్టూ తిరిగారు, ఎవరూ పట్టించుకోలేదు. 2006 డిసెంబర్లో ఒక ఇంటి వెనక కాలువలో ఎముకలు బయటపడ్డాక గాని దేశం అటు చూడలేదు.

మొదటి వారం మా ఊరికి టీవీ వాళ్లు వచ్చారు. వ్యాన్లు నిలబెట్టడానికి చోటు లేక స్కూలు గ్రౌండు తెరిచి ఇచ్చాం. పదో రోజుకి ఒక్క వ్యాను మిగిలింది. నెల తిరిగేసరికి ఎవరూ లేరు. వాళ్లని తప్పుపట్టను, రోజూ ఏదో ఒక ఊళ్లో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. కానీ జనం చూపు పక్కకి పోయాక ఫైలు బరువు కూడా ఎలా తగ్గిపోతుందో నేను దగ్గరుండి చూశాను. ఎనిమిదేళ్లలో ఎస్సైలు ఆరుగురు మారారు. ప్రతి కొత్త ఎస్సై దగ్గరా ఆమె మొదటి నుంచీ చెప్పాలి, ఆ రోజు వేసుకున్న చొక్కా రంగుతో సహా. వాళ్లలో మంచివాళ్లున్నారు. ఒక హెడ్ కానిస్టేబుల్ సొంత డబ్బుతో సెలవు పెట్టి బెంగాల్లోని ఖరగ్‌పూర్, హౌరా రైల్వే స్టేషన్లన్నీ ఫొటో పట్టుకుని తిరిగొచ్చారు. ఆయన రిటైరయ్యారు. ఇప్పటికీ ఆమెకి ఫోన్ చేసి మాట్లాడతారు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి కదా, మా మండలం ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకి మారింది. పాత ఆఫీసుకి వెళితే ఫైలు కొత్త జిల్లాకి పంపామన్నారు, కొత్త ఆఫీసుకి వెళితే ఇంకా రాలేదన్నారు. సోమవారం గ్రీవెన్స్‌లో ఆమె అర్జీ పెట్టుకుంది. రెండు వారాల తర్వాత ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. చదవడం రాదు కాబట్టి నా దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చింది, బాబు దొరికాడేమోనని. ఆ మెసేజ్ ఆమెకి నేనే చదివి వినిపించాల్సి వచ్చింది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నా నోటితో చదివినవాటిలో అంత కష్టమైనది ఇంకొకటి లేదు.

కొన్నాళ్లకి ఇంకో కాగితం వచ్చింది. కేసు అన్‌డిటెక్టెడ్ అని, అంటే ఏమీ తేలలేదని, దర్యాప్తు ఆపుతున్నామని, కొత్త ఆధారం దొరికితే మళ్లీ తెరుస్తామని అందులో ఉంది. కొత్త ఆధారం ఎవరు వెతకాలి? కూలికి వెళ్లే ఆ తల్లా?

దీని గురించి నేను చాలా చదివాను. అమెరికాలో మిన్నెసోటా అనే రాష్ట్రంలో 1989 అక్టోబర్ 22 రాత్రి జాకబ్ వెటర్లింగ్ అనే పదకొండేళ్ల బాబును, తమ్ముడు, స్నేహితుడితో కలిసి సైకిళ్ల మీద వస్తుండగా దారిలో ఆపి ఎత్తుకుపోయారు. తల్లి ఊరుకోలేదు. ఏళ్ల తరబడి మాట్లాడుతూనే ఉంది. బాబు తిరిగొస్తే దారి కనిపించాలని అక్కడివాళ్లు ఇంటి ముందు లైట్లు వెలిగించి ఉంచేవాళ్లు. ఇరవై ఏళ్లు దాటాక, పోలీసు ఉద్యోగంలో లేని ఒక మామూలు మహిళ పాత పేపర్లు తిరగేసింది. పక్క ఊళ్లో అంతకు రెండు మూడేళ్ల ముందు మగపిల్లల మీద వరుసగా దాడులు జరిగాయని గమనించింది. ఆ పిల్లలు అప్పటికి పెద్దవాళ్లయ్యారు. వాళ్లతో మాట్లాడి, ఆ సంగతులన్నీ ఒకచోట పెట్టి రాసింది. దర్యాప్తు మళ్లీ కదిలింది. 2016లో, అంటే 27 ఏళ్లకి, నేరస్థుడు నోరు విప్పాడు, బాబు అవశేషాలు ఎక్కడున్నాయో చూపించాడు. అతన్ని మొదట్లోనే పోలీసులు ప్రశ్నించి వదిలేశారట. జాకబ్ బతికి లేడు. ఆ సంగతి మా ఊరి అమ్మకి చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించి, చివరికి చెప్పాను. "ఏదో ఒకటి తెలిసింది కదా ఆయమ్మకి" అంది.

ఆ కథలో నన్ను పట్టుకున్నది ఒక్కటే. ఒక ఊరి కేసుని పక్క ఊరి కేసు పక్కన పెట్టి చూడడం. 2017కి ముందూ వెనకా మా చుట్టుపక్కల జిల్లాల్లో, అటు ఒడిశా సరిహద్దులో, పిల్లల్ని బైకు మీద తీసుకుపోబోయిన ఫిర్యాదులు ఇంకెన్ని ఉన్నాయి? అవన్నీ ఒకే టేబుల్ మీద ఎవరైనా పరిచి చూశారా? ఒక స్టేషన్లో కూర్చున్న ఎస్సైకి అది కుదిరే పని కాదు. మీ స్థాయిలో ఒక మాట చెబితే కుదురుతుంది.

నిజానికి నియమాలు ఉన్నాయి. 2016 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ చట్టం) నమూనా నిబంధనల్లో 92వది చూడమని మీ అధికారులకి చెప్పండి. నాలుగు నెలల్లో బిడ్డ దొరకకపోతే దర్యాప్తు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి మారాలి. ఆ విభాగం మూడు నెలలకోసారి జిల్లా న్యాయసేవాధికార సంస్థకి ప్రగతి నివేదిక ఇవ్వాలి. ఎనిమిదేళ్లంటే దాదాపు ముప్పై నివేదికలు. అవి ఉన్నాయా? ఉంటే అందులో ఏముందో ఆ తల్లికి ఒక్కసారి చదివి వినిపించమనండి. లేకపోతే ఈ నెల నుంచే మొదటిది రాయమనండి. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో కూడా, దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో ఫిర్యాదుదారుకి తొంభై రోజుల్లో తెలియజేయాలని ఉంది. పాత కేసులకి కూడా ఆ మర్యాద దక్కాలని కోరుతున్నాను.

ఇంకొక ముఖ్యమైన సంగతి, ఆధార్. ఒకటో తరగతిలో ఉన్నప్పుడు మా స్కూల్లోనే క్యాంపు పెట్టారు. నేనే బాబు చెయ్యి పట్టుకుని, వేళ్లు గట్టిగా నొక్కించి ముద్రలు ఇప్పించాను. పదిహేనేళ్లు వచ్చాక ఆ ముద్రలు మళ్లీ ఇవ్వాలి. వాడికి ఇప్పుడు పదిహేను దాటాయి. ఎక్కడో వేరే పేరుతో కొత్తగా ఆధార్‌కి కూర్చోబెడితే, ఆ ముద్రలు ముందే ఉన్నాయని సిస్టమ్ ఒప్పుకోదు. తప్పిపోయి హోముల్లో పెరిగిన కొందరు పిల్లలు సరిగ్గా ఇలాగే సొంత ఇళ్లకి చేరారు. మరి మావాడి నంబర్ మీద ఈ ఎనిమిదేళ్లలో ఎక్కడైనా కదలిక ఉందా? స్టేషన్లో అడిగితే ఆధార్ వివరాలు మాకివ్వరు అన్నారు. అదీ నిజమే, చట్టంలో 33వ సెక్షన్ ప్రకారం హైకోర్టు జడ్జి ఆర్డర్ కావాలి. ఉపాధి పనికి వెళ్లే తల్లి హైకోర్టు దాకా వెళ్లలేదు. ప్రభుత్వం వెళ్లగలదు. రాష్ట్రంలో ఏళ్ల తరబడి దొరకని పిల్లలందరి నంబర్లూ కలిపి ఒకే పిటిషన్ వేయగలదు.

ఫొటోల సంగతీ అంతే. తెలంగాణ పోలీసుల దగ్గర దర్పణ్ అని ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్ ఉంది. 2015లో ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన ఒక బాబు, అస్సాంలో ఒక హోములో ఉన్నాడని 2020లో అది పట్టిచ్చింది. ఎక్కడి ఉత్తరప్రదేశ్, ఎక్కడి అస్సాం, కలిపింది హైదరాబాద్. మావాడి ఫొటో అందులో ఉందా అని ఎవరూ మాకు చెప్పలేదు. తప్పిపోయిన పిల్లల వివరాలు పెట్టే కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పోర్టల్లో ఉందా అనీ చెప్పలేదు.

పాత కేసుని మళ్లీ జనంలో పెడితే భయం పెరుగుతుందని ఒక అధికారి నాతో అన్నారు. నేను ఒప్పుకోను. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు వచ్చి, తెలంగాణలో అమాయకుల్ని కొట్టి చంపేశారు. ఆ రోజుల్లో మా ఊళ్లో కూడా దుప్పట్లు అమ్ముకునే ఒకాయన్ని చుట్టుముట్టారు. అడ్డం నిలబడింది ఎవరనుకున్నారు? ఈ తల్లే. "ఈయన కాదు, వదలండి" అని అరిచింది. పోలీసులు నిజం చెప్పకుండా ఊరుకుంటే ఆ ఖాళీలోకి పుకారు వచ్చి కూర్చుంటుంది. జనానికి సరైన ఫొటో, సరైన తేదీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసర 112 నంబర్లు ఇచ్చి కళ్లు తెరిచి ఉంచమంటే, వాళ్లే పోలీసులకి కళ్లవుతారు.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నది పెద్ద ప్యాకేజీ కాదు, నష్టపరిహారం అసలే కాదు. బిడ్డ మాయమైన తేదీ ప్రతి ఏడాదీ వస్తుంది. ఆ రోజున ఆ జిల్లా ఎస్పీ గారు ఆ తల్లిదండ్రులని పిలిపించి కూర్చోబెట్టి, ఈ ఏడాది ఏం చేశామో చెప్పి, కాగితం మీద రాసి ఇవ్వాలి. అదే రోజున బిడ్డ ఫొటోని పోలీసు శాఖ మళ్లీ విడుదల చేయాలి. ఇది రాష్ట్రమంతటికీ ఒక ఉత్తర్వుగా రావాలి, ఎస్సై మారినా, జిల్లా మారినా, ప్రభుత్వం మారినా ఆగకుండా. ఆమెకి అదొక్కటే కావాలి. చెప్పడానికి ఏమీ లేకపోయినా, ఏమీ లేదని ఎదురుగా చెప్పే మనిషి కావాలి.

ఆమె దగ్గర ఇప్పటికీ ఆ పాత కీప్యాడ్ ఫోనే ఉంది. పోస్టర్ మీద ఉన్న నంబర్ అదే కాబట్టి కూలి డబ్బుల్లోంచి ముందు దాని రీచార్జి తీసి పక్కన పెడుతుంది. ఏటా మే నెలలో మేమిద్దరం మైదాపిండి జిగురు కాచుకుని బస్ కాంప్లెక్స్‌లో, రైల్వే స్టేషన్ బయట పోస్టర్లు అంటిస్తాం. వచ్చే మే నెలకి కూడా అంటిస్తాం. కానీ మా దగ్గర ఉన్నది ఏడేళ్ల పిల్లవాడి ఫొటో, స్కూల్ గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించింది. ముందు పళ్లు రెండు ఊడిపోయి నవ్వుతున్నాడు. ఇప్పుడు ఆ ముఖంతో ఎవరు గుర్తుపడతారు? వయసు పెరిగితే ముఖం ఎలా ఉంటుందో గీసి ఇచ్చే నిపుణులు ఉన్నారని విన్నాను. పోలీసు శాఖ ద్వారా మే నెల లోపల మాకు పదహారేళ్ల ముఖం ఒకటి గీయించి ఇప్పించండి.

ఇట్లు,
రెండో తరగతిలో వాడికి అక్షరాలు దిద్దించిన
ఒక రిటైర్డ్ టీచర్