ఇన్‌స్టలేషన్ వివరాలు రాసిపెట్టే అలవాటు కావాలి

సంపాదక మహాశయా,

తుపాను తీరం వైపు కదులుతున్నప్పుడు గాలి వేగాన్నీ, వాన పడే చోట్లనూ రంగుల్లో చూపించే పటాలు పత్రికల్లో వస్తుంటాయి. అలాంటి పటాలు గీయడానికి వాడే, వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాముల్లో (నమూనాల్లో) ఒకటైన డబ్ల్యూఆర్‌ఎఫ్‌ను పైసా కట్టకుండా ఎవరైనా తెచ్చుకోవచ్చు. అమెరికాలోని బౌల్డర్‌లో ఉన్న ఎన్‌కార్ పరిశోధన కేంద్రం మరికొన్ని సంస్థలతో కలిసి దానిని రూపొందించి, సోర్స్ కోడ్‌తో సహా అందరికీ అందుబాటులో ఉంచింది. అయితే లినక్స్ కంప్యూటర్‌లో దానిని ఎక్కించడానికే మన పరిశోధక విద్యార్థులకు వారాలు పడుతున్నాయి. నేను చూసినంతలో ఇందుకు కారణం వారి అసమర్థత కాదు, ముందువారు ఏం చేశారో ఎక్కడా రాసి ఉండకపోవడం.

2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపానును ఈ నమూనాలో మళ్లీ నడిపి చూడాలని మా విద్యార్థి ఒకరు పని మొదలుపెట్టారు. అతనికి ఇచ్చిన కంప్యూటర్‌లో ఉబుంటు అనే లినక్స్‌ను 18.04 వెర్షన్ నుంచి 22.04కు మార్చారు గానీ, అంతకు ముందు పనిచేసిన పరిశోధకుడు పాత జీఫోర్ట్రాన్ 7తో (ఫోర్ట్రాన్ భాషలో రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చే కంపైలర్) కట్టిన నెట్‌సీడీఎఫ్ లైబ్రరీ, అంటే వాతావరణ డేటా ఫైళ్లను చదివే, రాసే కోడ్, అలాగే ఉండిపోయింది. కొత్త ఉబుంటుతో వచ్చింది జీఫోర్ట్రాన్ 11. నమూనా కోడ్‌ను అలా మార్చమనే కంపైల్ కమాండ్ ఇచ్చాక అరగంటకు పైగా తెర మీద వరసలు పరుగెత్తాయి, చివరికి పని ముగిసినట్టే కనిపించింది. తీరా ఫోల్డర్ తెరిచి చూస్తే, నమూనాను నడిపే ఫైలైన వర్ఫ్ డాట్ ఈఎక్స్ఈ లేదు. వేల వరసల లాగ్ ఫైలులో మొట్టమొదటి ఎర్రర్ కోసం వెతికితే, నెట్‌సీడీఎఫ్ మాడ్యూల్ ఫైలు వేరే జీఫోర్ట్రాన్ వెర్షన్‌తో తయారైంది కనుక చదవలేనన్న ఒక్క వాక్యం కనిపించింది. అతను అప్పటిదాకా లాగ్ చివర ఉన్న ఎర్రర్లనే పట్టుకుని తొమ్మిది రోజులు పోగొట్టుకున్నాడు. చివర కనిపించేవన్నీ ఆ మొదటి తప్పు పిల్లలే.

నెట్‌సీడీఎఫ్‌ను మళ్లీ కట్టాక, లెక్కలను అనేక ప్రాసెసర్లకు పంచే లైబ్రరీ ఎంపీఐసీహెచ్ మొండికేసింది. జీఫోర్ట్రాన్ 10 నుంచి ఆర్గ్యుమెంట్ల (కోడ్‌లో ఒక భాగం మరో భాగానికి అందించే విలువల) పొంతనను కఠినంగా చూస్తున్నందువల్ల, పాత కోడ్‌కు ఆ కఠినత్వాన్ని సడలించే ఫ్లాగ్ (కమాండ్‌తో పాటు ఇచ్చే సూచన) ఒకటి ఇవ్వాలి. అదీ తీరాక, రాత్రి చక్కగా నడిచిన ప్రోగ్రామ్ పొద్దున లైబ్రరీ దొరకలేదంటూ ఆగిపోయింది. లైబ్రరీల దారి చెప్పే ఎక్స్‌పోర్ట్ వరసను టెర్మినల్‌లో కొట్టాడే తప్ప, టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ తనంతట తానే అమలయ్యే బ్యాష్‌ఆర్‌సీ ఫైలులో రాయలేదు; టెర్మినల్ మూయగానే ఆ వరస పోయింది. వీటిలో ఒక్కటి కూడా వాతావరణ శాస్త్రం కాదు. అయినా వీటిని దాటనిదే ఆ శాస్త్రం జోలికి వెళ్లడం కుదరదు.

అధికారులకు నా మనవి చిన్నది. కొత్త కంప్యూటర్ల కొనుగోలుకు నిధులు అడిగేటప్పుడు చూపించే శ్రద్ధలో కొంతైనా, ఉన్న కంప్యూటర్‌లో ఏ కంపైలర్‌తో ఏ లైబ్రరీని ఏ వరుసలో కట్టారో, ఏ ఫ్లాగులు ఇచ్చారో ఒక టెక్స్ట్ ఫైలులో తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసిపెట్టించడం మీద చూపించాలి. పరిశోధన పూర్తిచేసి వెళ్లే విద్యార్థి నుంచి నో డ్యూస్ సంతకానికి ముందు గ్రంథాలయం పుస్తకాలు ఎలా తిరిగి తీసుకుంటుందో, శాఖ ఆ ఫైలును కూడా అలాగే తీసుకోవాలి. పాఠ్య ప్రణాళికలో ఫోర్ట్రాన్ ఇప్పటికే ఉన్న చోట, లాగ్ ఫైలు చదవడానికి ఒకటి రెండు ల్యాబ్ పీరియడ్లు కేటాయించడం పెద్ద భారం కాదు. ఇక నమూనాకు కావలసిన నేల ఎత్తు, నేల వినియోగం వంటి భౌగోళిక డేటాను పూర్తి రిజల్యూషన్‌లో విప్పితే సుమారు 29 జీబీ అవుతుంది; హాస్టల్ వైఫై మీద ప్రతి విద్యార్థీ దానిని వేరువేరుగా దించుకునే బదులు శాఖ సర్వర్‌లో ఒక ప్రతి ఉంచితే సరిపోతుంది.

మా విద్యార్థి రాసిన ఫైలు మూడు పేజీలకు మించలేదు. తర్వాత చేరిన అమ్మాయి దాన్ని పక్కన పెట్టుకుని రెండో రోజు సాయంత్రానికి నమూనాను నడిపింది.

– ఒక అధ్యాపకుడు, విశాఖపట్నం