పాట వెనక కదిలే బొమ్మ ఎవరి చేతిలో ఉండాలి?

సంపాదకులకు నమస్కారం.

గత నెలలో మా ఊళ్లో ఒక సంస్థ ‘శ్రీకృష్ణలీలాతరంగిణి’ నుంచి ఎంపిక చేసిన కీర్తనలను చిత్రాలతో జతచేసి రెండున్నర గంటల కార్యక్రమంగా ప్రదర్శించింది. ఆలోచన మంచిది కనుకనే ఈ ఉత్తరం రాస్తున్నాను. చెడ్డదై ఉంటే ఇంటికి వచ్చి మరచిపోయేదాన్ని.

నారాయణ తీర్థులు 12 తరంగాలుగా, అంటే అధ్యాయాలుగా, కృష్ణుడి పుట్టుక మొదలు రుక్మిణీ కల్యాణం దాకా సంస్కృతంలో రచించిన ఈ గేయకావ్యంలో 150కి పైగా కీర్తనలు, వాటిని ఒకదానితో ఒకటి ముడివేసే శ్లోకాలు, చూర్ణికలు (వచన భాగాలు) ఉన్నాయి. మన కచేరీలలో మాత్రం ఇది విడిపూలుగానే మిగిలింది. ఒకరు ‘పూరయ మమ కామం’ పాడతారు, మరొకరు ‘శరణం భవ కరుణాం’ పాడతారు. కూచిపూడి వేదిక మీదనైతే ‘బాలగోపాల మాముద్ధర’ ఒక్కటే తరంగం అన్న పేరును సొంతం చేసుకుంది. పళ్లెం అంచున అడుగులు చూసిన ప్రేక్షకులలో అది ఒక పెద్ద కావ్యంలోని పాట అని తెలిసినవారు ఎందరుంటారో అనుమానమే. తంజావూరు జిల్లా వరహూరులో కృష్ణ జయంతి ఉత్సవాలలో తరంగిణిని నేటికీ పాడుకుంటున్నారు. కవిగారు మన కాజ గ్రామం వారని చెప్పుకునే మనం ఆ దండను దండగా ఎన్నిసార్లు విన్నాం? అందువల్ల ఆ సాయంత్రం మీద నాకు ఆశ ఎక్కువగానే ఉండింది.

వేదిక వెనక గోడంత ఎల్‌ఈడీ తెర పెట్టారు. దాని వెలుగులో గాయనీమణి ముఖం నీడలో పడిపోయింది, వయొలిన్ విద్వాంసుడి తెల్ల లాల్చీ పాటకొక రంగు పులుముకుంది. ‘ఆలోకయే శ్రీ బాలకృష్ణం’ మొదలు కాగానే రెప్పలు కొట్టుకునే చిన్ని కృష్ణుడి బొమ్మ ప్రత్యక్షమైంది. ‘చరణ నిక్వణిత నూపుర కృష్ణం’ అనగానే అందె, ‘కర సంగత కనక కంకణ కృష్ణం’ అనగానే కంకణం, ముక్కున ముత్యం అనగానే ముత్యం; వరసగా దగ్గరి నుంచి చూపిస్తుంటే అది నగల దుకాణం ప్రకటనలా ఉంది తప్ప కృష్ణ దర్శనంలా లేదు. ఆ కీర్తన మొదటి మాటకే ‘చూస్తున్నాను’ అని అర్థం. చూస్తున్నది పాడే మనిషి. అందె మోత నుంచి ఒక్కొక్క ఆభరణాన్నే తాకుతూ, కవి మాటలతోనే విగ్రహాన్ని కట్టుకుంటూ పోతుంటే, పక్కనే మరొకరు దాన్ని ముందే కట్టేసి చూపించడం దేనికి?

అంతకన్నా పెద్ద చిక్కు కాలానికి సంబంధించింది. ఆ సాయంత్రం గాయనీమణి మనసు పట్టి ఒక పాదాన్ని అనుకున్నదానికన్నా రెండుసార్లు ఎక్కువ తిప్పారు. నిజానికి కచేరీ మొత్తానికి అవే మంచి ఘడియలు. తెర మీది వీడియో నిడివి మాత్రం ముందే నిర్ణయమైపోయింది. అది అయిపోయి మళ్లీ మొదటికి వచ్చింది, కంప్యూటర్ దగ్గరి కుర్రవాడు కంగారుపడ్డాడు, మౌస్ బాణం గుర్తు కృష్ణుడి నుదుటి మీద కాసేపు తిరుగాడింది. సభలో నవ్వులు. తరువాతి పాట నుంచి ఆమె సంగతులు (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే వరసలు) తగ్గించుకుని, తెరను ఓరకంట చూసుకుంటూ పాడారు. తప్పు ఆ కుర్రవాడిది కాదు. ఎంతసేపు పాడాలో పాడేవారికే ముందుగా తెలియని సంగీతానికి, సెకన్ల లెక్కన కోసిన బొమ్మను కట్టివేయడంలోనే లోపముంది.

ఇటువంటి ప్రయోగాలకు సమర్థనగా పాశ్చాత్య దేశాల ఉదాహరణలు చెబుతారు కనుక ఒకటి నేనే ప్రస్తావిస్తాను. ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1827లో జర్మన్ కవి విల్‌హెల్మ్ ముల్లర్ కవితలకు స్వరాలు కట్టిన ‘వింటర్‌రైజ’ అనే 24 పాటల మాలిక ఉంది. ప్రేమ భగ్నమైన ఒకడు మంచులో ఊరు విడిచి నడుచుకుంటూ పోవడమే అందులోని కథంతా. దక్షిణాఫ్రికా చిత్రకారుడు విలియమ్ కెంట్రిడ్జ్ 2014లో వియన్నా ఉత్సవంలో మథియాస్ గోయెర్నె పాడగా, మార్కుస్ హింటర్‌హోయ్‌జర్ పియానో వాయించగా, ఒక్కొక్క పాటకు ఒక్కొక్కటి చొప్పున 24 చిన్న చలనచిత్రాలతో దాన్ని ప్రదర్శించాడు. బొగ్గుతో గీసిన బొమ్మనే చెరిపి, దిద్ది, మళ్లీ చిత్రీకరించడం ఆయన పద్ధతి. చెరిపిన గీత మరక కాగితం మీద మిగిలే ఉంటుంది. మంచు అనగానే మంచు చూపించకుండా, రెండు దశాబ్దాలుగా తాను గీస్తూ వచ్చిన బొమ్మలను, తన జొహానెస్‌బర్గ్ పరిసరాలను ఆ పాటల పక్కన నిలబెట్టాడు. పాటకు అనువాదం కాని బొమ్మ అంటే అది. అయితే షూబర్ట్ పాటలో ప్రతి స్వరం కాగితం మీద రాసి ఉంటుంది, పాడేవారి స్వేచ్ఛ కొద్దిపాటి వేగంలోనూ ఒత్తులోనూ ఉంటుంది. కనుక అక్కడ చలనచిత్రం పాటతో నడవగలిగింది. మనం అక్కడి నుంచి నేర్చుకోవలసింది ఒకే చిత్రకారుడి చేయి మొదటి నుంచి చివరి దాకా కనిపించడం. తెరను నేర్చుకోనక్కరలేదు.

తెర సంగతి మన ఊళ్లకు ఇంతకన్నా బాగా తెలుసు. తెలంగాణలోని చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించి, ఎర్రని నేపథ్యం మీద కథను గళ్లు గళ్లుగా గీస్తారు. మూడడుగుల వెడల్పుతో 40, 50 అడుగుల పొడవుండే పటాలు కూడా ఉండేవి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు ఆ పటాన్ని విప్పుకుంటూ, కర్రతో బొమ్మను చూపిస్తూ పాడతారు. గొంతు ఎంతసేపు ఆగమంటే పటం అంతసేపు ఆగుతుంది. తోలుబొమ్మలాటలోనూ అంతే, బొమ్మ పుల్ల పట్టుకున్నవాడికి పాట కంఠతా వచ్చి ఉంటుంది, చాలాసార్లు పాడేది కూడా అతడే. దీపం బొమ్మ వెనక ఉంటుంది కనుక మేకతోలు రంగులు వెలుగుతాయి కానీ కళ్లు పొడవవు. పాట వింటున్న చేయే బొమ్మను కదిలించాలన్న నియమాన్ని వీరెవరూ పుస్తకంలో రాసుకోలేదు, వృత్తిలో పెట్టుకున్నారు.

కనుక నా ప్రతిపాదన ఇది. తరంగిణికి 12 తరంగాలున్నాయి. ఒక చేర్యాల పటం మీదనో, శ్రీకాళహస్తి కలంకారీ బట్ట మీదనో 12 ఘట్టాలను ఒకే చిత్రకారుడి చేత గీయించండి. కచేరీలలో మనం వదిలేస్తున్న శ్లోకాలూ చూర్ణికలూ చదివేటప్పుడు మాత్రమే పటం కదలాలి, ఎందుకంటే కథ నడిచేది అక్కడే. కీర్తన మొదలయ్యాక పటం నిలిచిపోవాలి. వినేవారి కన్ను ఆ ఘట్టంలో తనకు నచ్చిన మూలకు పోయి కూర్చుంటుంది. పటం విప్పే మనిషి వేదిక మీదనే, మృదంగం పక్కన, ఒక వాద్యకారుడిలాగే కూర్చోవాలి. ఆహ్వానపత్రంలో ఆ పేరు ఉండాలి, సంభావన కూడా పక్కవాద్యాలవారితో సమానంగా ఉండాలి. మా ఊరి కార్యక్రమంలో చిత్రకారుడి పేరు వేయలేదని నేను తప్పుపట్టలేను, అసలు చిత్రకారుడంటూ ఒకరుంటే కదా! బొమ్మలన్నీ ఇంటర్నెట్ నుంచి తీసుకున్నవేనని నిర్వాహకులే చెప్పారు. ఆ తెర అద్దె ఒక చిత్రకారుడి చేతిలో పడి ఉంటే బాగుండేది.

తెర లేకపోతే పిల్లలు రారని, సంస్కృతం ఎవరికీ అర్థం కాదని నిర్వాహకులు నాతో అన్నారు. రెండో మాట నిజమే, ముప్పై ఏళ్లు పాఠం చెప్పినదానిగా ఒప్పుకుంటాను. పాత కలంకారీ తెరల మీద ప్రతి గడిలోనూ తెలుగులో నాలుగు మాటలు రాసేవారు. అదే పద్ధతిన ప్రతి ఘట్టం కింద రెండు పంక్తుల తెలుగు అర్థం చేత్తో రాయిస్తే సరిపోతుంది. మొదటి మాటకు నా దగ్గర రుజువుతో కూడిన జవాబు లేదు. కానీ ఆ సాయంత్రం నా ముందు వరసలోని ఇద్దరు పిల్లలు తెర వెలుగుతున్నంతసేపూ చేతిలోని ఫోన్ చూసుకున్నారు, కరెంటు పోయి తెర ఆరిపోయిన ఆ నాలుగైదు నిమిషాలలో, మైకు లేకుండా ఆమె పాడుతూనే ఉంటే, తలెత్తి చూశారు.

పన్నెండు తరంగాలూ ఒకేసారి వద్దు. వచ్చే కృష్ణాష్టమికి జననం, బాలలీలల వరకు మూడు ఘట్టాల పటం చాలు. మా ఊరి సంస్థవారు ముందుకు వస్తే శ్లోకాలు, చూర్ణికలు చదవడానికి, పటం విప్పేవారికి కీర్తనలు నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత సంగీత అధ్యాపకురాలు,
గుంటూరు జిల్లా