రిమోట్ ఇంటిది, ఫోను మనిషిది

సంపాదకుల వారికి నమస్కారం.

మీ సాంకేతిక పేజీలో ఇటీవల ‘చేతిలో ఫోను ఉండగా రిమోట్ ఎందుకు?’ అనే వ్యాసం వచ్చింది. మొదటిసారి ఉత్సాహంగా చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. అందులో ఒక తప్పు, ఒక తొందరపాటు సలహా కనిపించాయి. ఫోను నుంచి టీవీలో పెట్టే ప్రతి వీడియో ఫోను గుండానే వెళ్తుందనీ, అందుకే బ్యాటరీ త్వరగా అయిపోతుందనీ రాశారు. అది తప్పు. పాత రిమోట్‌ను ఇక పారేయవచ్చన్నారు. అది తొందరపాటు.

ముందు తప్పు సంగతి. నేను 30 ఏళ్లకు పైగా టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. తలకు హెడ్‌ఫోను, ఎదురుగా స్విచ్‌బోర్డు, చేతిలో తీగ. ఒకరు ట్రంకు కాల్ అడిగితే అవతలి ఊరిని పలకరించి, ఇద్దరినీ కలిపి, నేను తప్పుకునేదాన్ని. తర్వాత వాళ్లు గంటసేపు మాట్లాడుకున్నా ఆ మాటలు మోసేది తీగే గానీ నేను కాదు. టీవీకి వీడియోను ‘క్యాస్ట్’ చేసేటప్పుడు ఫోను చేసేది అచ్చం ఈ ఉద్యోగమే. ‘ఫలానా చిరునామాలో ఫలానా వీడియో ఉంది, తెచ్చుకో’ అని టీవీకి తగిలించిన పరికరానికి చెబుతుంది. ఆ పరికరం ఇంటి వైఫై మీదుగా ఇంటర్నెట్ నుంచి నేరుగా తెచ్చుకుంటుంది. 2013లో గూగుల్ తెచ్చిన క్రోమ్‌కాస్ట్ అనే చిన్న పరికరం ఈ పద్ధతినే ఇంటింటికీ అలవాటు చేసింది. వీడియో మొదలయ్యాక ఫోను జేబులో పెట్టుకోవచ్చు, దాంతో వేరే వాళ్లకు ఫోన్ చేసుకోవచ్చు, చివరికి ఆపేయనూ వచ్చు. టీవీలో బొమ్మ ఆగదు.

వ్యాసకర్త మనసులో ఉన్నది బహుశా స్క్రీన్ మిర్రరింగ్. అది వేరు. అందులో ఫోను తన తెర మీది బొమ్మనంతా క్షణక్షణం కుదించి టీవీకి పంపుతూ ఉంటుంది. ఆపరేటరే ఒక పక్క మాట విని రెండో పక్కకు అప్పజెప్పినట్టు. అప్పుడు ఫోను వేడెక్కుతుంది, బ్యాటరీ తరుగుతుంది, మధ్యలో ఎవరైనా సందేశం పంపితే అది కూడా ఇంటిల్లిపాదికీ కనిపిస్తుంది. మా చుట్టాలందరి ముందు నాకు వచ్చిన ఒక సందేశం అలాగే టీవీ ఎక్కింది. దాని వివరాలు ఇక్కడ అనవసరం. ఫోనులోనే దాచుకున్న ఫొటోలు, వీడియోలు చూపించేటప్పుడు మాత్రం, ఏ పద్ధతిలోనైనా, ఫోనే వాటిని అందించాలి. కాబట్టి అప్పుడు అది ఇంట్లోనే ఉండి తీరాలి.

ఇక ఆ సలహా. మా ఇంట్లో జరిగింది చెబితే నా అభ్యంతరం మీకే తెలుస్తుంది.

మా అబ్బాయి టీవీ వెనక చిన్న పరికరం ఒకటి తగిలించాడు. దానికి రిమోట్ అంటూ లేదు. ఫోనే రిమోట్. ఆ ఫోనూ వాడిదే. ఒక సాయంత్రం మా ఇద్దరి కోసం ఏదో ధారావాహిక పెట్టి, సంచి భుజాన వేసుకుని ప్రయాణమై వెళ్లిపోయాడు. ఒక భాగం అయింది. రెండో భాగం దానంతటదే మొదలైంది. మా వారు నిద్రకు వెళ్దామన్నారు. ఆపడం ఎలా? టీవీ రిమోట్‌తో శబ్దం తగ్గుతుంది, తెర ఆరిపోతుంది, అంతే. ఆపు, వెనక్కి తిప్పు అంటే ఆ పరికరానికి వినిపించదు. తెర ఆర్పి పడుకున్నాం. పరికరానికి కరెంటు గోడ ప్లగ్గు నుంచి వస్తోంది గనుక, టీవీ ఆరిన సంగతి దానికి పట్టలేదు. పొద్దున టీవీ వేస్తే మేము చూడని మూడు భాగాలు దాటిపోయి, తెర మీద ‘ఇంకా చూస్తున్నారా?’ అనే ప్రశ్న నిలబడి ఉంది. అవునని చెప్పడానికీ కాదని చెప్పడానికీ మా దగ్గర మీట లేదు. అబ్బాయికి ఫోన్ చేస్తే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తర్వాత తెలిసిందేమిటంటే, టీవీకి పరికరాన్ని కలిపే హెచ్‌డీఎంఐ తీగలోనే సీఈసీ అనే ఏర్పాటు ఒకటి ఉంటుంది. దాన్ని టీవీ సెట్టింగులలో ఆన్ చేస్తే చాలా పరికరాలు టీవీ రిమోట్ మాట కూడా వింటాయి. ఫోను నుంచి వీడియో పెట్టగానే టీవీ తానే లేస్తుంది కూడా. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో ముద్దుపేరు పెట్టుకుంది గనుక, సెట్టింగులలో సీఈసీ అన్న మూడక్షరాల కోసం వెతికితే దొరకకపోవచ్చు. మా టీవీలో అది ఆఫ్‌లో ఉంది. ఎవరూ చెప్పలేదు. మీ వ్యాసమూ చెప్పలేదు.

నా ఫోనునే రిమోట్ చేసుకుందామని ఆ వారమే కూర్చున్నాను. యాప్ పెట్టుకున్నాను. ‘పరికరాలేవీ కనబడలేదు’ అంది. నాలుగడుగుల దూరంలో టీవీ నా వంకే చూస్తోంది! రెండు పూటలు పట్టింది నాకు కారణం దొరకడానికి. ఫోను యాప్ తెరవగానే ఇంటి నెట్‌వర్క్‌లో ‘ఎవరున్నారక్కడ?’ అని అందరికీ వినిపించేలా ఒక కేక వేస్తుంది. టీవీ పరికరం ‘నేనున్నాను’ అని బదులిస్తుంది. ఆ కేక ఒక నెట్‌వర్క్ గోడలు దాటదు. మా రౌటరులో రెండు పేర్లున్నాయి, ఒకటి ఇంటివాళ్లకు, ఒకటి అతిథులకు. నా ఫోనును ఎప్పుడో, ఎవరో అతిథుల పేరుకు కలిపారు. సొంత ఇంట్లో ఇన్నాళ్లూ నేను అతిథిని. అతిథుల నెట్‌వర్క్‌లో ఒక పరికరం ఇంకొక దానితో మాట్లాడకుండా కావాలనే అడ్డుకట్ట వేస్తారు, మంచికే. రెండు ఊళ్లకు రెండు వేర్వేరు ఎక్స్ఛేంజీలు, మధ్యలో లైను లేదు. నేను ఇంటివాళ్ల పేరుకు మారగానే టీవీ పేరు తెర మీదకు వచ్చింది. ఫోను ఇంటర్నెట్‌ను వేరే దారి గుండా మళ్లించే వీపీఎన్ నడుస్తున్నా, ఐఫోనులో ఆ యాప్‌కు స్థానిక నెట్‌వర్క్ అనుమతి ఇవ్వకపోయినా ఇదే గతి పట్టవచ్చు. వయసు మళ్లినవారు ‘నాకు చేతకాదు’ అని వదిలేసేది సరిగ్గా ఈ చోటే. చేతకాకపోవడం కాదది, లైను లేకపోవడం.

అయితే ఒక నెట్‌వర్క్‌లోకి చేరడమంటే తలుపు అందరికీ తెరిచినట్టే. ఒకరు క్యాస్ట్ చేసినది ఆండ్రాయిడ్ ఫోనులున్న మిగతావారికి నోటిఫికేషనుగా కనిపిస్తుంది, ఆపే మీటతో సహా. మా వారు వార్తలు చూస్తుంటే మేడ మీది మనవడు ఆపేవాడు. ఈయన టీవీ పాడైందని తట్టేవారు, మళ్లీ వచ్చేది, మళ్లీ ఆగేది. మూడు రోజులు సాగింది ఈ నాటకం. ఆ నోటిఫికేషను ఇతరులకు వెళ్లకుండా సెట్టింగులలో ఆపవచ్చని తెలిశాక ఆపేశాను. మనవడు ఇప్పటికీ నాతో ముభావంగా ఉంటున్నాడు.

ఇంతా చెప్పి ఫోను రిమోట్‌కు నేను వ్యతిరేకినని అనుకోవద్దు. దాని సుఖం అనుభవిస్తున్నదాన్ని. పాత క్యాసెట్లలోని ఇంటి పాటలు, మా అమ్మ గొంతు, పిల్లల చిన్నప్పటి మాటలు అన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, కోడీ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో టీవీలో పెట్టుకుంటాం. ఒకప్పుడు దాని పేరు ఎక్స్‌బీఎంసీ. ఎక్స్‌బాక్స్ ఆటల యంత్రం కోసం పుట్టి, 2014లో పేరు మార్చుకుంది. దానికి కోర్ అనే రిమోట్ యాప్ ఉంది. కోడీ సెట్టింగులలో హెచ్‌టీటీపీ ద్వారా నియంత్రణకు అనుమతించి, ఒక పాస్‌వర్డు పెట్టి, కంప్యూటరు చిరునామా ఇస్తే ఫోను దానికి కలుస్తుంది. పాస్‌వర్డు ఖాళీగా మాత్రం వదలకండి. మేడ మీద మనవలుంటారు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఒకటుంది. టీవీలో ఒక పాట నడుస్తుండగా తర్వాతి పాట ఏదో ఫోనులో వెతుక్కోవచ్చు. మామూలు రిమోట్‌తో వెతకాలంటే తెర మీద జాబితా పరుచుకుంటుంది, చూస్తున్నవాళ్ల ముఖాలు మాడిపోతాయి. ఇక పేరు టైపు చేయడం! బాణం మీటలతో ఒక్కో అక్షరం దగ్గరకు నడిచి వెళ్లి నొక్కడం ఎంత తపస్సో చేసినవారికే తెలుసు. ఇంగ్లీషుకు 26 అక్షరాలతో సరిపోతుంది. మన గుణింతాలు, ఒత్తులు ఆ చదరాల మధ్య ఎక్కడ వెతుక్కోవాలి? ఫోనులో తెలుగు కీబోర్డుతో క్షణంలో కొట్టేస్తాను.

కానీ మా వారికి చూపు మందగించింది. ఆయనకు ఫోను రిమోట్ నున్నటి గాజు పలక, అంతే. ఆపే మీట ఎక్కడుందో వేలికి తెలియదు. టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే ఫోను వేలి కింద ఉన్నదాన్ని చదివి వినిపిస్తుంది, నిజమే. ఆయన దాన్నీ నేర్చుకున్నారు. కానీ టీవీలో వార్తలు, చేతిలో ఫోను ఒకేసారి మాట్లాడుతుంటే దేన్ని వినాలి? ఆయనకు ఫోనులో పనికొచ్చినవి పక్కనున్న రెండు శబ్దం మీటలే. క్యాస్ట్ చేస్తున్నప్పుడు వాటితో టీవీ శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది. అవి నిజమైన మీటలు గనుక పనికొచ్చాయి. పాత రిమోట్‌లో 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది చూడండి, ఆయన దాన్ని తడిమి మిగతా అంకెలన్నీ పట్టేస్తారు. చీకట్లోనైనా.

పాత రిమోట్ అంటే చులకన వద్దు అనడానికి ఇంకో సంగతి. 1955లో జెనిత్ కంపెనీ టార్చిలైటు లాంటి రిమోట్ తెచ్చింది. తెర నాలుగు మూలల్లోని కాంతి కళ్ల మీద వెలుగు పడితే టీవీ మాట వినేది. ఎండ పడినా వినేది, అదే చిక్కు. మరుసటి ఏడాది రాబర్ట్ ఆడ్లర్ రూపొందించిన రిమోట్‌లో నాలుగు అల్యూమినియం కడ్డీలు. మీట నొక్కితే చిన్న సుత్తి ఒక కడ్డీని కొట్టేది. మన చెవికి అందని ఆ మోతను టీవీ పట్టుకునేది. బ్యాటరీయే లేదు! తర్వాత పరారుణ కాంతి వచ్చింది. మీట నొక్కి ఫోను సెల్ఫీ కెమెరాలో చూస్తే రిమోట్ కొసన ఆ వెలుగు మిణుకుమంటూ కనిపిస్తుంది. రిమోట్ చెడిందో, బ్యాటరీ అయిందో, టీవీకే వినబడటం లేదో తేల్చుకోవడానికి నేను మొదట చేసే పరీక్ష ఇదే. ఆ వెలుగుకు వైఫై అక్కర్లేదు, ఖాతా అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదు.

గడువూ ఉండదు. ఇది ఎందుకంటున్నానంటే, 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లకు ఒక్కసారిగా క్యాస్ట్ చేయడం కుదరకుండా పోయింది. టీవీలు బాగున్నాయి, ఫోనులు బాగున్నాయి, ఇంటర్నెట్ బాగుంది. పరికరం అసలైనదేనని రుజువు చేసే డిజిటల్ సర్టిఫికెట్‌కు పదేళ్ల గడువు తీరింది, అంతే. కంపెనీ కొద్ది రోజుల్లో సరిచేసిన మాట నిజం. ఆ రోజుల్లో ఆ ఇళ్లలో పెద్దవాళ్లు ఎన్నిసార్లు ప్లగ్గు పీకి పెట్టి ఉంటారో నేను ఊహించగలను.

రిమోట్ సోఫా మీద పడి ఉంటుంది. ఎవరు కూర్చుంటే వాళ్లది. ఫోను ఒకరి జేబులో ఉంటుంది, తాళం వేసి ఉంటుంది, ఆ మనిషితోపాటు గడప దాటుతుంది. ఇంట్లో నలుగురి టీవీని ఒకరి జేబుకు ముడివేయడమే నాకు మింగుడుపడటం లేదు. అందుకే మా ఇంట్లో ఇప్పుడు మూడు ఏర్పాట్లు చేశాను. యాప్ ముగ్గురి ఫోనుల్లో ఉంది. సీఈసీ ఆన్‌లో ఉంది. కొత్తగా తెచ్చిన పరికరం మీటల రిమోట్‌తో వచ్చినదే. కొనేటప్పుడు అబ్బాయి ‘ఎందుకమ్మా, ఫోను ఉందిగా’ అన్నాడు. ‘ఎవరి ఫోను?’ అన్నాను. మారు మాట్లాడలేదు.

మీ వ్యాసకర్తకు నా నమస్కారాలు చెప్పి, క్యాస్టింగ్‌కూ మిర్రరింగ్‌కూ ఉన్న తేడా గురించి వచ్చే వారం రెండు వాక్యాల సవరణ వేయించగలరు. స్థలం మిగిలితే అతిథుల నెట్‌వర్క్ సంగతి కూడా. పాత రిమోట్‌ను పారేయమన్న వాక్యాన్ని మాత్రం దయచేసి వెనక్కి తీసుకోండి. అది చదివి మా పక్కింటావిడ నిన్ననే వాళ్ల రిమోట్‌ను చెత్తబుట్టలో వేశారు. నేను వెళ్లి తీయించి వచ్చాను.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలిఫోను ఆపరేటరు