టాంటన్ నుంచి నాన్నకి

నాన్నగారికి నమస్కారాలు.

నేను బాగున్నాను. డ్యూటీలు మామూలే, జీతం టైముకి పడుతోంది. మీరు బీపీ మాత్రలు మానకండి. అమ్మ మోకాలికి ఎక్స్‌రే తీయించారా? ఫోన్లో అడిగితే మాట దాటేస్తోంది.

సెలవు రోజుల్లో ఇక్కడి క్రికెట్ మైదానం, కౌంటీ గ్రౌండ్ వైపు నడుస్తాను. మీరుంటే పొద్దుపోయేదాకా అక్కడినుంచి కదిలేవారు కాదు. 1899లో ఇంగ్లాండ్ కౌంటీ మ్యాచ్‌లో మేజర్ రాబర్ట్ పూర్ హాంప్‌షైర్ తరఫున సోమర్‌సెట్ మీద 304 పరుగులు కొట్టింది ఇక్కడే. అవతలి ఎండ్‌లో అదే జట్టు తరఫున కెప్టెన్ టెడ్డీ విన్యార్డ్ 225. ఇద్దరూ మిలిటరీ వాళ్ళే. ఆరో వికెట్‌కి 411 జోడించారు! ఆ ఏడాదే పోలో టోర్నమెంట్ గెలిచిన రెజిమెంట్ జట్టులోనూ పూర్ ఉన్నాడట. ఆ సీజన్ మొత్తం మీద 1,551 పరుగులు, సగటు 91 పైనే.

అసలు సంగతి వినండి. ఆయన క్రికెట్‌ని గట్టిగా పట్టుకుంది మన దేశం వచ్చాకే. ఏడో హుస్సార్స్ అనే గుర్రపు దళంలో లెఫ్టినెంట్‌గా ఉంటూ క్రికెట్ పుస్తకాలు చదివి ప్రాక్టీసు చేశాడట. తర్వాత మద్రాసులో గవర్నర్ లార్డ్ వెన్‌లాక్ దగ్గర ఏడీసీ, అంటే వెంట ఉండే మిలిటరీ సహాయకుడు. మన బాపట్ల కూడా అప్పుడు ఆ గవర్నర్ కిందే కదా! మద్రాసులో గవర్నమెంట్ హౌస్ జట్టుకి ఆడి బోలెడు పరుగులు చేశాడు.

ముప్పై దాటాక మళ్ళీ చదువేమిటని మావయ్య అన్నాడని చెల్లి చెప్పింది. 304 కొట్టేనాటికి పూర్‌కి 33 ఏళ్ళు. ఉద్యోగం మానకుండానే చదువుతున్నాను, ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. ఈ విషయంలో మీరైనా టెన్షన్ పడకండి నాన్నా.

ఒక్కటి మాత్రం మనసుకి ఎక్కడం లేదు. 1896లో దక్షిణాఫ్రికా తరఫున మూడు టెస్టులు ఆడిన మనిషి, అక్కడి డచ్ సంతతి బోయర్లతో బ్రిటిష్ వాళ్ళు చేసిన బోయర్ యుద్ధంలో అదే గడ్డ మీద బ్రిటిష్ సైన్యానికి ప్రొవోస్ట్ మార్షల్, అంటే మిలిటరీ పోలీసులకి పెద్ద. ఆ యుద్ధంలో ఇళ్ళూ పొలాలూ తగలబెట్టి, ఆడవాళ్ళనీ పిల్లల్నీ క్యాంపుల్లో పెట్టారు. వేలమంది పోయారు. ఆ స్కోరు తలచుకుని మురిసిపోతుంటే ఇదీ గుర్తొస్తుంది. మీరేమంటారో రాయండి.

చెల్లి ఫీజు సోమవారం పంపుతాను. మావయ్యని అడగొద్దు. అమ్మని ఆవకాయ జాడీలు ఒక్కతే ఎత్తవద్దని చెప్పండి.

మీ పెద్దోడు