ఘాట్ ఎక్కే ముందు బ్రేకుల గాలి చూసుకోండి

సంపాదకులు గారికి,

లారీ ఎక్కడ బోల్తా పడినా మీ పేపర్లో ఒకటే మాట, ‘బ్రేకులు ఫెయిల్ కావడంతో’ అని. ఇరవై ఏళ్లుగా లారీ తోలుతున్నవాణ్ణి కాబట్టి అడుగుతున్నా, అక్కడితో ఆపేయకండి సార్, లారీ బ్రేకులు పట్టేది ట్యాంకుల్లో నింపిన గాలితోనే, ఆ బండి పొద్దున బయల్దేరేటప్పుడు ఆ గాలి ఎవరన్నా చూశారా అని కూడా కనుక్కోండి.

నా సంగతే చెప్తాను. బేతంచర్ల నుంచి నాపరాయి లోడుతో నంద్యాల మీదుగా గిద్దలూరు ఘాట్‌లో వస్తున్నా. లోడింగ్ ఆలస్యమైంది, ఓనరు ఫోన్ మీద ఫోన్, గాలి మీటర్లో ముల్లు 8 బార్‌కి రాగానే బండి కదిలించేశా. దిగుడులో నాలుగైదు సార్లు బ్రేక్ తొక్కేసరికి ముల్లు 5 దగ్గరికి పడిపోయి, గాలి తగ్గిందని హెచ్చరించే బజర్ మొదలైంది. చిన్న గేర్లో ఉన్నా కాబట్టి సరిపోయింది, కాస్త వెడల్పు చోటు కనబడితే పక్కకు తీసి ఆపేశా. దిగి చూస్తే వెనక చక్రం చాంబర్‌కు, అంటే గాలి నిండగానే రాడ్డును తోసి బ్రేకు పట్టించే డబ్బాకు వెళ్లే పైపు ఛాసిస్‌కు రాసుకుని రాసుకుని చిల్లు పడింది, పెడల్ తొక్కినప్పుడల్లా బుస్సుమంటోంది. పొద్దున యార్డులోనూ అలాగే బుస్సుమని ఉంటుంది, ఇంజిన్ మోతలో నాకు వినబడలేదు, అంతే.

ఇప్పుడైతే చక్రాలకు రాళ్లు పెట్టి, గాలి నిండాక ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ తీసి, క్లీనర్‌ని పెడల్ తొక్కి పట్టుకోమని నేను బండి చుట్టూ తిరుగుతా. ముల్లు ఒకసారి కాస్త దిగి అక్కడే నిలబడాలి, జారుతూ పోతే ఎక్కడో లీకున్నట్టు. అనుమానమున్న జాయింటుకు సబ్బు నురగ పూస్తే బుడగలొస్తాయి. అప్పుడే కిందికి వంగి చాంబర్ రాడ్డు ఎంత బయటికొస్తోందో చూస్తా, ఒక పక్క మరీ ఎక్కువొస్తే ఆ పక్క బ్రేకు అడ్జస్ట్‌మెంట్ లూజైందన్నమాట. తర్వాత తాళం ఆన్‌లో పెట్టి పెడల్ తొక్కి వదులుతూ గాలి దింపితే బజర్ మోగాలి. చాలా బండ్లలో ఆ వైరే ఉండదు, గోల భరించలేక మావాళ్లే పీకేస్తారు! చివర్లో ట్యాంకుల కింద డ్రెయిన్ తెరుస్తా. వానాకాలం గ్లాసుడు నీళ్లొస్తాయి, అవి జిడ్డుగా, పాలవిరుగుడులా ఉంటే గాలి నింపే కంప్రెసర్ ఆయిల్ తోస్తోందని లెక్క. మొత్తం కలిపి పది పదిహేను నిమిషాలు.

గాలి పూర్తిగా పోతే బ్రేకుల్లోని స్ప్రింగులు పట్టేసి బండి దానంతట అదే ఆగుతుంది కదా అంటారు కుర్ర డ్రైవర్లు. యార్డులో ఆగుతుంది నాయనా. బ్రేకు లైనర్లు కాలిపోయి, అడ్జస్ట్‌మెంట్ లూజుగా ఉండి, పైన 30 టన్నులుంటే దిగుడులో ఆ స్ప్రింగులేం పడతాయి? డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టి దిగేవాళ్ల గురించి ఇక చెప్పను.

ఫిట్‌నెస్ పరీక్ష ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆపైన ఏటా. పైపుకు చిల్లు పడడానికి అన్నాళ్లు అక్కర్లేదు. ఓనర్లు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల వాళ్లు లోడు కాగితాలు చేతిలో పెట్టి ‘ఇంకా కదల్లేదా’ అని అరవకుండా ఆ కాసేపు మమ్మల్ని వదిలేయండి. మీ విలేకరులు కూడా ఈసారి ప్రమాదం చోటికెళ్తే ఆ బండికి బజర్ వైరు ఉందో లేదో చూసి రాయండి సార్.

ఇట్లు,
ఒక లారీ డ్రైవర్, గిద్దలూరు